సరిహద్దు కాపలా కూడా ఔట్‌సోర్సింగే: వలసల్ని పక్క దేశాలకు అప్పగిస్తున్న సంపన్న దేశాలు

క్లుప్తంగా: తమ నేల మీద కాలు పెట్టి ఆశ్రయం అడిగిన మనిషిని విచారించకుండా వెనక్కి పంపడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఆ కాలే పడకుండా చూడటానికి యూరప్, ఆస్ట్రేలియా, అమెరికా దారిలో ఉన్న దేశాలకు డబ్బు, పడవలు, రాజకీయ మద్దతు ఇస్తున్నాయి. కొన్ని చోట్ల వచ్చేవాళ్ల సంఖ్య బాగా తగ్గింది. దానితోపాటు కాపలా కాసే దేశానికి బేరమాడే బలం పెరిగింది. దారిలో మనిషికి ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలన్నది మాత్రం తేలడం లేదు.

2024 అక్టోబర్ 16న ఇటలీ నౌకాదళం ఓడ లిబ్రా అల్బేనియాలోని షెంజిన్ రేవుకు చేరింది. ఓడలో ఉన్న వలసదారులు 16 మంది, అందరూ మగవాళ్లే. పది మంది బంగ్లాదేశ్ వాళ్లు, ఆరుగురు ఈజిప్ట్ వాళ్లు. వాళ్లు వెళ్లాలనుకున్నది ఇటలీకి. సముద్రంలో కాపాడి ఓడ ఎక్కించుకున్నదీ ఇటలీ వాళ్లే. దించింది మాత్రం వేరే దేశంలో. అక్కడ పరిశీలిస్తే ఇద్దరు మైనర్లని తేలింది, ఇంకో ఇద్దరి ఆరోగ్యం బాగాలేదు. ఆ నలుగురినీ ఇటలీకి పంపేశారు. మిగిలిన 12 మందిని గ్యాడర్‌లోని నిర్బంధ కేంద్రంలో పెడితే, రెండు రోజులు తిరక్కుండానే రోమ్ కోర్టు అది కుదరదంది. 19వ తేదీన ఆ 12 మందీ కోస్ట్‌గార్డ్ పడవలో బారీ రేవులో దిగారు. అంటే ఇటలీలోనే.

ఐదేళ్లకు సుమారు 67 కోట్ల యూరోల ఖర్చు అంచనాతో తలపెట్టిన పథకం తొలి విడత ఇలా ముగిసింది. ఇక్కడ ఇంకో సంగతీ గుర్తుకొస్తుంది. 1991 ఆగస్టులో వ్లోరా అనే ఓడ నిండా దాదాపు 20 వేల మంది అల్బేనియన్లు ఇదే బారీ రేవుకు వచ్చారు. ఎక్కువ మందిని అప్పట్లో వెనక్కి పంపేశారు. ముప్పై ఏళ్లు గడిచేసరికి అదే అల్బేనియా ఇటలీ తరఫున వలసదారులను ఉంచుకునే దేశమైంది.

ఔట్‌సోర్సింగ్ అంటే ఏమిటో తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పని చేసేది ప్రభుత్వ ఆఫీసులో, జీతం వచ్చేది ఏజెన్సీ నుంచి. జీతం ఆగిందని అడిగితే ఆఫీసు ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ బిల్లు రాలేదని ఆఫీసును చూపిస్తుంది. సరిహద్దు కాపలా విషయంలోనూ జరుగుతున్నది దాదాపు ఇదే. తేడా ఒక్కటే, ఇక్కడ మధ్యలో ఇరుక్కునేది జీతం కాదు, మనిషి.

కాలు మోపితే హక్కు

ఈ ఏర్పాటంతా ఒక చట్టపరమైన మెలిక చుట్టూ తిరుగుతుంది. 1951 శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణం ప్రకారం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదు. పంపకూడదంటే ముందు అతనికి నిజంగా ముప్పుందో లేదో తేల్చాలి. తేల్చాలంటే దరఖాస్తు తీసుకోవాలి, మాట వినాలి, అప్పీలుకు అవకాశమివ్వాలి. నెలలో, ఏళ్లో పడుతుంది. ఆలోగా అతను అక్కడే ఉంటాడు. తిరస్కరించినా సొంత దేశం కాగితాలిచ్చి తీసుకోకపోతే పంపడం కుదరదు.

ఈ బాధ్యతంతా మనిషి ఆ దేశం చేతికి చిక్కినప్పుడు మొదలవుతుంది. మరి చిక్కకుండానే చూసుకుంటే? ఈ ఆలోచన యూరప్ కంటే ముందు అమెరికాకు వచ్చింది. 1981లో రీగన్ ప్రభుత్వం హైతీ పాలకుడు డువాలియేతో ఒప్పందం చేసుకుని, హైతీ పడవల్ని సముద్రంలోనే ఆపి తిప్పి పంపడం మొదలుపెట్టింది. వ్యవహారం కోర్టుకెక్కింది. దేశాల జలాలకు బయటి సముద్రంలో పట్టుకున్నవాళ్లకు తిప్పి పంపకూడదన్న నిషేధం వర్తించదని 1993లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తేల్చింది. ఆ తీర్పు తర్వాత సముద్రం మీద అమెరికాకు మధ్యవర్తి దేశంతో పెద్దగా పని లేకపోయింది, సొంత కోస్ట్‌గార్డే సరిపోయింది. యూరప్ పరిస్థితి వేరు. అక్కడ యూరప్ దేశాల మీద కేసులు వినే మానవ హక్కుల కోర్టు స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది.

ఒకే సముద్రం, రెండు తీర్పులు

2009 మే 6న లాంపెడూసా దీవికి దక్షిణాన ఇటలీ గస్తీ ఓడలు సుమారు 200 మందితో ఉన్న పడవల్ని ఆపాయి. వాళ్లను తమ ఓడలెక్కించుకుని, పేర్లు కూడా సరిగా అడక్కుండా, నేరుగా ట్రిపోలీ తీసుకెళ్లి లిబియాకు అప్పగించాయి. అంతకుముందు ఏడాదే ఇటలీ ప్రధాని బెర్లుస్కోనీ, లిబియా పాలకుడు గడాఫీ బెంఘాజీలో స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఒకప్పుడు లిబియాను ఏలినందుకు పరిహారం పేరుతో 20 ఏళ్లలో 500 కోట్ల డాలర్లు ఇస్తామని ఇటలీ, వలసల్ని ఆపడంలో సహకరిస్తామని లిబియా ఒప్పుకున్నాయి. వెనక్కి పంపినవాళ్లలో 24 మంది సోమాలీలు, ఎరిత్రియన్లు కేసు వేశారు. వాళ్లు ఎక్కింది ఇటలీ ఓడ, ఓడలో నడిచింది ఇటలీ అధికారం, కాబట్టి బాధ్యతా ఇటలీదే అని 2012 ఫిబ్రవరి 23న స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఒక్కొక్కరికి 15 వేల యూరోల పరిహారం ఇమ్మంది.

తీర్పు చదివిన ప్రభుత్వాలు అందులో ఒక దారి కూడా చూశాయి. ఓడ మనదైతేనే గదా బాధ్యత మనది!

2017 ఫిబ్రవరిలో ఇటలీ లిబియాతో మరో ఒప్పందం చేసుకుంది. ఈసారి ఇటలీ ఓడలు ఎవరినీ వెనక్కి తీసుకెళ్లవు. లిబియా కోస్ట్‌గార్డ్‌కు పడవలు, శిక్షణ, నిధులు ఇస్తారు. పట్టుకోవడం, తీసుకెళ్లడం వాళ్ల పని. యూరోపియన్ యూనియన్ సరిహద్దు సంస్థ ఫ్రాంటెక్స్ తన విమానాలు, డ్రోన్లతో పై నుంచి చూసి పడవ ఎక్కడుందో సమాచారమిస్తుంది.

అదే ఏడాది నవంబర్ 6న ఒక రబ్బరు పడవ మునిగిపోతుంటే ప్రమాద సందేశం ముందు అందింది రోమ్‌లోని సమన్వయ కేంద్రానికే. ఒక స్వచ్ఛంద సంస్థ ఓడ, లిబియా గస్తీ పడవ రెండూ అక్కడికి చేరాయి. ఆ గస్తీ పడవ ఇటలీ ఇచ్చిందే. ఎవరి ఓడ ఎక్కాలన్న గందరగోళంలో కనీసం 20 మంది చనిపోయారు, కొంతమందిని లిబియా పడవ వెనక్కి తీసుకెళ్లింది. బతికినవాళ్లు ఇటలీ మీద కేసు వేశారు. ఏడేళ్లు గడిచాక, 2025 జూన్‌లో అదే స్ట్రాస్‌బర్గ్ కోర్టు కేసు తన పరిధిలోకే రాదంది. ఆ జలాల మీద గానీ, లిబియా సిబ్బంది మీద గానీ ఇటలీకి నియంత్రణ లేదన్నది కారణం.

2009 ఘటనకూ 2017 ఘటనకూ మధ్య సముద్రం మారలేదు, పడవలు పోయే దారి మారలేదు, డబ్బు పెట్టే దేశం కూడా మారలేదు. మారింది యూనిఫాం. ఔట్‌సోర్సింగ్ వల్ల చట్టపరంగా వచ్చే లాభమేమిటో ఇంతకంటే తేటగా చూపే జంట దొరకదు. వెనక్కి తీసుకెళ్లినవాళ్లకు ఏం జరిగిందన్నది వేరే కథ. లిబియా నిర్బంధ కేంద్రాల్లో చిత్రహింసలు, బానిసత్వం వంటి మానవత్వానికి వ్యతిరేకమైన నేరాలు జరిగాయని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం తేల్చింది.

శంషాబాద్‌లో యూరప్ గేటు

కాపలా అప్పగించడమంటే దేశాల మధ్య పెద్ద ఒప్పందాలే అనుకోనక్కర్లేదు. అన్నిటికంటే సాఫీగా నడుస్తున్నది, ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది విమాన కంపెనీలకు అప్పగించిన కాపలా. సరైన వీసా లేని ప్రయాణికుణ్ని తీసుకొస్తే విమాన కంపెనీకి జరిమానా పడుతుంది. 2001 నాటి యూరోపియన్ ఆదేశం ప్రకారం సభ్య దేశాలు ఒక్కో ప్రయాణికుడికి కనీసం 3 వేల యూరోలు వేయొచ్చు. బ్రిటన్‌లో 2 వేల పౌండ్లు. తిరిగి తీసుకెళ్లే ఖర్చు అదనం.

ఫలితం శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర కనబడుతుంది. అక్కడ కూర్చున్న ఉద్యోగి పాస్‌పోర్టు తిరగేసి, వీసా తేదీలు చూసి, ఏ దేశానికి ఏ కాగితం కావాలో చెప్పే టైమాటిక్ అనే సిస్టమ్‌లో సరిచూసుకుని గానీ బోర్డింగ్ పాస్ ఇవ్వడు. గల్ఫ్ వెళ్లేవాళ్లకు బాగా తెలిసిన ‘ఓకే టు బోర్డ్’ కూడా ఈ తరహా జాగ్రత్తే. ఆ ఉద్యోగి పోలీసు కాదు, ఏ దేశపు ఇమిగ్రేషన్ అధికారీ కాదు. అయినా ఆ క్షణంలో ఫ్రాంక్‌ఫర్ట్ సరిహద్దు అతని కౌంటరే.

అనుమానమొస్తే ఎక్కించకపోవడమే కంపెనీకి క్షేమం. ఎక్కించకపోతే మహా అయితే ఒక టికెట్ గొడవ, ఎక్కిస్తే జరిమానా. శరణార్థి కావడానికి నిజంగానే అర్హత ఉన్న మనిషి విషయంలోనూ లెక్క ఇదే, ఎందుకంటే పారిపోయే మనిషికి వీసా ఇచ్చే దేశం ఉండదు. విమాన టికెట్‌కు అయ్యే డబ్బుకు ఎన్నో రెట్లు దళారికి పోసి మనుషులు రబ్బరు పడవ ఎందుకెక్కుతారని చాలామంది అడుగుతుంటారు. జవాబులో సగం ఈ కౌంటర్ దగ్గరే ఉంది.

జుట్టు చేతికిచ్చాక

2015లో సముద్రం దాటి గ్రీస్ చేరినవాళ్లు సుమారు 8 లక్షల 57 వేల మంది. 2016 మార్చి 18న యూరోపియన్ యూనియన్, టర్కీ ఒక అవగాహనకు వచ్చాయి. కొత్తగా దీవులకు చేరేవాళ్లను టర్కీ వెనక్కి తీసుకుంటుంది. అలా తీసుకున్న ఒక్కో సిరియన్‌కు బదులు టర్కీలో ఉన్న మరో సిరియన్‌ను యూరప్ తీసుకుంటుంది. టర్కీలో ఉన్న శరణార్థుల కోసం మొత్తం 600 కోట్ల యూరోలు. 2016 ఏడాది మొత్తానికి రాకలు లక్షా 73 వేలకు పడిపోయాయి.

ఈ అంకెలు చూపించి ఒప్పందం పనిచేసిందంటారు. పనిచేసిన మాట నిజమే, కానీ చెప్పిన పద్ధతిలో కాదు. మొదటి నాలుగేళ్లలో గ్రీస్ నుంచి టర్కీకి నిజంగా తిప్పి పంపింది 2 వేల చిల్లర మందినే. రాకలు తగ్గింది టర్కీ తన తీరంలో గస్తీ పెంచడం వల్ల. ఒప్పందానికి కొద్ది రోజుల ముందే బాల్కన్ దేశాలు తమ దారి మూసేయడం కూడా కలిసొచ్చింది. అంటే గేటు వేసే పని పూర్తిగా టర్కీ చేతిలోకి వెళ్లింది. వేయగలిగినవాడు తీయనూ గలడు. 2020 ఫిబ్రవరి చివర్లో సిరియాలోని ఇద్లిబ్‌లో టర్కీ సైనికులు చనిపోయి యూరప్ మద్దతు కావాల్సి వచ్చినప్పుడు, యూరప్‌కు వెళ్లేవాళ్లను ఇక ఆపబోమని టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ ప్రకటించారు. రోజుల్లోనే వేల మంది గ్రీస్ సరిహద్దు కంచె దగ్గర పోగయ్యారు.

మొరాకోది ఇంకా సూటి ఉదాహరణ. మొరాకో తనదంటున్న పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడే పోలిసారియో సంస్థ నాయకుడు బ్రహీం ఘాలీకి 2021లో స్పెయిన్ తన ఆస్పత్రిలో చికిత్స చేయించింది. మొరాకోకు కోపమొచ్చింది. మే 17, 18 తేదీల్లో సరిహద్దు కాపలా సడలింది. రెండు రోజుల్లో దాదాపు 8 వేల మంది ఈదుకుంటూ, నడుచుకుంటూ స్పెయిన్ అధీనంలోని సియుటా పట్టణంలోకి వచ్చారు. పది నెలలు తిరిగేసరికి స్పెయిన్ ప్రధాని సాంచెజ్ పశ్చిమ సహారా మీద దశాబ్దాల నాటి తటస్థ వైఖరి వదిలేసి, మొరాకో ప్రతిపాదించిన స్వయంప్రతిపత్తి ప్రణాళికను సమర్థించారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని స్పెయిన్ ప్రభుత్వం ఒప్పుకోదు. సంబంధం లేదని నమ్మేవాళ్లు కూడా తక్కువే.

వీళ్లందరికంటే ముందే గడాఫీ ఆ భాష మాట్లాడాడు. 2010లో రోమ్ వచ్చి, వలసల్ని ఆపాలంటే ఏటా 500 కోట్ల యూరోలు కావాలని బాహాటంగా అడిగాడు.

డబ్బు తీసుకునే దేశం లోపల ఏం జరుగుతుందో నైజర్‌ను చూస్తే తెలుస్తుంది. సహారా అంచున ఉన్న అగాదెజ్ పట్టణానికి ప్రయాణికుల్ని పికప్ బండ్లలో ఎడారి దాటించడం ఒక మామూలు వ్యాపారం. డ్రైవర్లు, మెస్సులు, నీళ్ల డబ్బాలు అమ్మేవాళ్లు, అందరికీ అందులోనే బతుకు. 2015లో యూరప్ ప్రోద్బలంతో వచ్చిన చట్టం దాన్ని నేరం చేసింది. బండ్లు జప్తయ్యాయి, డ్రైవర్లు జైలుకెళ్లారు. ప్రత్యామ్నాయ ఉపాధి ఇస్తామన్నారు గానీ అందింది కొద్దిమందికే. మిగిలినవాళ్లు గస్తీకి దొరక్కుండా బావులు లేని దారుల్లో బండ్లు తోలారు. 2023 జులైలో సైనిక తిరుగుబాటు వచ్చింది, నవంబర్‌లో కొత్త పాలకులు ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఎనిమిదేళ్ల ఏర్పాటు ఒక్క సంతకంతో పోయింది.

ఒక దారి మూస్తే రద్దీ ఇంకో దారిలో తేలడం కూడా మామూలే. మధ్యధరాలో గస్తీ పెరిగిన కాలంలోనే పశ్చిమ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ మీదుగా స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులకు వెళ్లే పడవలు పెరిగాయి. 2019లో అక్కడికి చేరినవాళ్లు 3 వేల లోపు. 2024లో 46 వేలు దాటారు. అది చాలా పొడవైన దారి. దారి తప్పితే ముందున్నది మహాసముద్రం.

నౌరూ పాఠం, తప్పుగా చదివినవాళ్లు

దూరపు దీవిలో పెట్టి విచారించడమన్న పద్ధతికి పేరుపడ్డది ఆస్ట్రేలియా. 2001 ఆగస్టులో టాంపా అనే నార్వే సరుకు ఓడ సముద్రంలో 433 మందిని కాపాడింది. ఆస్ట్రేలియా వాళ్లను దిగనివ్వలేదు. చాలామందిని నౌరూ పంపింది. నౌరూ వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు, మన మండలం కంటే చిన్నది. ఒకప్పుడు ఫాస్ఫేట్ గనులతో సంపన్న దేశం. గనులు ఖాళీ అయ్యాక ఖజానా కూడా ఖాళీ. అలాంటి దేశం కాదనలేదు. పపువా న్యూ గినీలోని మానస్ దీవిలోనూ కేంద్రం పెట్టారు.

2008లో మూసేసిన ఆ కేంద్రాల్ని 2012లో మళ్లీ తెరిచారు. పడవలు ఆగిపోయాయని, ఆస్ట్రేలియాను చూసి నేర్చుకోవాలని యూరప్ నాయకులు తరచూ అంటుంటారు. తేదీలు చూస్తే లెక్క అంత తిన్నగా లేదు. నౌరూ మళ్లీ తెరిచిన తర్వాతి ఏడాది, 2013లోనే పడవల్లో వచ్చినవాళ్లు 20 వేలు దాటారు. పడవలు దాదాపు పూర్తిగా ఆగింది 2013 చివర్లో నౌకాదళం వాటిని సముద్రంలోనే తిప్పి పంపడం మొదలుపెట్టాక. నిర్బంధ కేంద్రం నిండిపోతుంది, నిండాక భయం పోతుంది. ఖర్చు మాత్రం పోదు. మానస్ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని 2016లో పపువా న్యూ గినీ సుప్రీంకోర్టే తేల్చింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా అక్కడున్నవాళ్లతో 7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు కోర్టు బయట రాజీ పడింది.

బ్రిటన్ ఈ చరిత్రలో పై భాగం మాత్రమే చదివినట్టుంది. ఇంగ్లిష్ చానెల్ దాటి వచ్చినవాళ్లను రువాండా పంపుతామని 2022 ఏప్రిల్‌లో బోరిస్ జాన్సన్ ప్రకటించారు. ఇది ఇంకో మెట్టు పైది. విచారణ రువాండాదే, ఆశ్రయమిస్తే ఉండాల్సిందీ రువాండాలోనే. జూన్ 14న మొదటి విమానం ఎగరాల్సిన రాత్రి స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఉత్తర్వుతో ఆగింది. ప్రమాదమున్న చోటికి రువాండా మళ్లీ తిప్పి పంపే అవకాశముందని 2023 నవంబర్ 15న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అడ్డుకుంది. అంతకుముందు ఇజ్రాయెల్ ఇదే రువాండాకు పంపినవాళ్ల అనుభవాన్ని కూడా తీర్పులో ప్రస్తావించింది. పార్లమెంటు 2024లో ‘రువాండా సురక్షితం’ అని ఏకంగా చట్టమే చేసింది. జులైలో ప్రభుత్వం మారి పథకం రద్దయ్యేనాటికి 70 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయని కొత్త హోం మంత్రి సభలో చెప్పారు. వెళ్లింది నలుగురు, వాళ్లూ స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లే.

అల్బేనియా పథకాన్ని ఇటలీ వీటికంటే జాగ్రత్తగా అల్లింది. కేంద్రం అల్బేనియాలో ఉన్నా చట్టం, అధికారులు, కోర్టు అన్నీ ఇటలీవే. అయినా చిక్కు ‘సురక్షిత దేశం’ అన్న మాట దగ్గర వచ్చింది. బంగ్లాదేశ్, ఈజిప్ట్ సురక్షితమని ఇటలీ జాబితాలో ఉంది కాబట్టి అక్కడివాళ్లను వేగంగా విచారించి పంపేయొచ్చన్నది లెక్క. ఒక దేశాన్ని సురక్షితమనాలంటే ప్రభుత్వం దగ్గరున్న ఆధారాలు కోర్టుకు, దరఖాస్తుదారుకు చూపించాలని, ఆ దేశం అందరికీ సురక్షితంగా ఉండాలని 2025 ఆగస్టు 1న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. కేసు ఇద్దరు బంగ్లాదేశీయులది. ఆ తీర్పుకు ముందే, ఏప్రిల్ నుంచి ఇటలీ గ్యాడర్ కేంద్రాన్ని వేరే పనికి మళ్లించింది. ఇటలీలో దరఖాస్తు తిరస్కరణ అయినవాళ్లను ఉంచడానికి వాడటం మొదలుపెట్టింది.

భారత్ నుంచి వెళ్లేవాళ్ల మీద ప్రభావం

ఈ కథలో భారతీయులు ప్రేక్షకులు కారు. 2017 నుంచి భారతీయులు వీసా లేకుండా సెర్బియా వెళ్లగలిగేవారు. అక్కడి నుంచి కొందరు దొడ్డిదారిన ఆస్ట్రియా చేరి ఆశ్రయం అడగడం 2022లో బాగా పెరిగింది. సెర్బియా యూరోపియన్ యూనియన్‌లో చేరాలనుకుంటున్న దేశం. వీసా విధానాన్ని మాతో కలుపుకోకపోతే మీవాళ్లకున్న వీసా సౌకర్యమే పోతుందని యూనియన్ చెప్పింది. 2023 జనవరి 1 నుంచి భారతీయులకు ఆ సదుపాయం పోయింది. డంకీ రూట్ పట్టినవాళ్లతోపాటు, బెల్‌గ్రేడ్ చూసొద్దామనుకున్న మామూలు టూరిస్టుకూ పోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ తన విమానాశ్రయం మీదుగా వెళ్లే భారతీయుల మీద, ఆఫ్రికా దేశాలవాళ్ల మీద పన్నుతో కలిపి 1,130 డాలర్ల ఫీజు వేసింది. విమానాశ్రయం అభివృద్ధికని చెప్పారు. అమెరికా దారిలో రద్దీ పెరిగిన సమయంలో, సరిగ్గా ఆ రద్దీలో ఉన్న దేశాలవాళ్ల మీదే ఆ అభివృద్ధి భారం ఎందుకు పడిందో ఊహించడం కష్టం కాదు.

2025 ఫిబ్రవరిలో అమెరికా వివిధ దేశాలకు చెందిన 299 మందిని వాళ్ల దేశాలకు కాకుండా పనామాకు పంపింది. వాళ్లలో భారతీయులూ ఉన్నారు. పనామా నగరంలోని ఒక హోటల్‌లో కాపలా మధ్య ఉంచితే, సాయం చేయమని రాసిన కాగితాల్ని కిటికీ అద్దాలకు ఆనించి పట్టుకున్నవాళ్ల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. సొంత దేశానికి వెళ్లడానికి ఒప్పుకున్నవాళ్లను పంపారు. ఒప్పుకోనివాళ్లను దరియెన్ అడవి దగ్గరి శిబిరానికి తరలించి, మార్చిలో తాత్కాలిక పర్మిట్ ఇచ్చి వదిలేశారు.

యూరప్‌లో రెండు మార్పులు భారత్‌కు నేరుగా తగులుతాయి. 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన ఉమ్మడి ‘సురక్షిత దేశాల’ జాబితాలో బంగ్లాదేశ్, ఈజిప్ట్, మొరాకో, ట్యునీషియా, కొలంబియా, కొసొవోలతోపాటు భారత్ ఉంది. ఈ జాబితాలో ఉన్న దేశపు దరఖాస్తును వేగంగా తేలుస్తారు, తనకు ప్రత్యేకంగా ముప్పుందని నిరూపించుకునే భారం దరఖాస్తుదారు మీదే ఎక్కువగా పడుతుంది. సరిహద్దు దగ్గరే 12 వారాల్లో తేల్చే కొత్త పద్ధతికి అమలు తేదీ 2026 జూన్ 12.

రెండోది 2025 మార్చిలో కమిషన్ ముందుకు తెచ్చిన ‘రిటర్న్ హబ్’ల ప్రతిపాదన. దరఖాస్తు తిరస్కరించాక ఆ మనిషిని యూనియన్ బయట ఒప్పందం కుదుర్చుకున్న వేరే దేశంలోని కేంద్రానికి పంపొచ్చు. అది ఏ దేశమో ప్రతిపాదనలో లేదు. దళారికి లక్షలు కట్టి బయల్దేరినవాడు తాను దిగబోయే దేశాల పేర్లలో దాన్ని విని ఉండే అవకాశమూ లేదు.